వాట్సాప్‌లో మునిగిపోతున్న జవాబుల కోసం మా మిద్దెతోట గ్రూపు డిస్కోర్స్‌కి మారింది: వాడాక నా రివ్యూ

"మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం కొట్టాలి?" మిద్దెతోటల గ్రూపు ఏదైనా సరే, ఈ ప్రశ్న వారం వారం వస్తూనే ఉంటుంది. పక్కన ఒక ఫోటో, అదీ సగంసార్లు మసగ్గానే. కింద తలా ఒక మాట: పుల్లమజ్జిగ, ఇంగువ నీళ్లు, బూడిద, వేపనూనె, "పీకి పారేయండి మేడమ్". వాళ్లలో నిజంగా తెలిసిన మనిషి ఒకరుంటారు, ఆయన ఆకు ఏ వైపు ముడుచుకుందో అడిగి, ఇంకో ఫోటో పెట్టించుకుని, వివరంగా రాస్తారు. ఆలోపు ఎవరిదో పెళ్లిరోజు, ఇంకెవరిదో బుట్టెడు వంకాయల ఫోటో, దానికి వరసగా చప్పట్ల బొమ్మలు. ఆయన రాసింది ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. తర్వాతి వారం ఇంకొకరు అదే అడుగుతారు. ఆయన మళ్లీ చెప్తారు, ఇంకోసారి చెప్తారు, ఆ తర్వాత చెప్పడం మానేస్తారు. మా గ్రూపులో ఇలా మానేసినవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ చేయి తిరిగినవాళ్లే.

ఈ బాధ పడలేక మేం డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. ఖరీఫ్, రబీ రెండూ దాని మీదే గడిచాయి కాబట్టి ఇప్పుడు రాయొచ్చు అనిపించింది. మీది తోటల గ్రూపే కానక్కర్లేదు. ఫౌంటెన్ పెన్నులు, పాత నాణేలు, సైకిళ్లు, అక్వేరియం చేపలు, ఏ హాబీ అయినా రోగం ఇదే.

ముందు, మిగతావి ఎందుకు పనికిరాలేదో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వాట్సాప్ గ్రూపులో 1024 మంది వరకు ఉండొచ్చు, వెతికే పెట్టె కూడా ఉంది, కానీ కొత్తగా చేరినవాళ్లకి పాత సంభాషణ మొత్తం రాదు, అంటే వాళ్ల దగ్గర లేని దాన్ని వాళ్లు వెతకలేరు. ఫేస్‌బుక్ గ్రూపులో పాతవి ఉంటాయి గానీ అసలు జవాబు కామెంట్ల కింద కామెంట్లలో దాక్కుంటుంది. పైగా గ్రూపు ప్రైవేట్ అయితే గూగుల్‌కి కనపడదు. టెలిగ్రామ్ వీటికంటే చాలా నయం: పాత చరిత్ర కొత్తవాళ్లకీ చూపించొచ్చు, రెండు లక్షల మంది వరకు పడతారు, 2022 నుంచి గ్రూపుని టాపిక్‌లుగా విడగొట్టే సదుపాయం కూడా ఇచ్చారు. అయినా "తెగుళ్లు" అనే టాపిక్ లోపల మళ్లీ అదే ప్రవాహం. డిస్కార్డ్ అనే చాట్ యాప్ కుర్రాళ్లకి నచ్చుతుంది, మా గ్రూపులో రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువ, వాళ్లు ఆ తెర చూసి ఒక దండం పెట్టి వెళ్లిపోయారు.

డిస్కోర్స్ ఏమిటంటే, మీ సొంత సర్వర్ మీద పెట్టుకునే ఓపెన్‌సోర్స్ ఫోరమ్. 2013లో జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, సామ్ సాఫ్రన్ మొదలుపెట్టారు. ఈ ఆట్‌వుడ్ అంతకుముందు 2008లో జోయెల్ స్పోల్‌స్కీతో కలిసి స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టినాయనే. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మనవాళ్లకి ఆ సైటు గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ప్రశ్నకి ఒక పేజీ, మంచి జవాబు పైకి, అడిగిందే మళ్లీ అడిగితే పాత పేజీకి తోలేయడం, అంతా కచ్చితం. ఆ కచ్చితత్వం హాబీ మనుషులకి పడదు, కబుర్లు లేకపోతే ఎవరూ రారు. డిస్కోర్స్‌లో కబుర్లు చెప్పుకోవచ్చు, తర్వాత అందులోంచి పనికొచ్చేది వేరు చేయొచ్చు. మొక్కలు, పురుగులు, పక్షుల ఫోటోలు పెట్టి అవేమిటో గుర్తుపట్టుకునే ఐనాచురలిస్ట్ వాళ్ల ఫోరమ్, ఇంట్లో లైట్లు ఫ్యాన్లు ఆటోమేషన్ చేసుకునే హోమ్ అసిస్టెంట్ వాళ్ల ఫోరమ్ నడిచేది దీని మీదే. ఆ రెండిట్లో ఏదైనా ఒకటి పది నిమిషాలు తిరిగి చూస్తే నేనేం చెప్తున్నానో మీకే తెలిసిపోతుంది.

నాకు బాగా నచ్చినది, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం, చాలా చిన్న సంగతి. ఎవరి పోస్టు శీర్షికనైనా తర్వాత మార్చొచ్చు. అంతే. మార్చినా లింకు చెడదు, ఎందుకంటే లింకులో ఉండే నంబరే ఆ పేజీకి గుర్తు. ఎవరైనా పోస్టు పెట్టేటప్పుడు "హెల్ప్ ప్లీజ్", "ఇదేంటి?", "అర్జెంట్ సర్" అనే పెడతారు, వాళ్లని తప్పుపట్టలేం, అది ఏమిటో తెలిస్తే అడగనే అడగరు కదా. రోగం పేరు తేలాక, జవాబు వచ్చాక, ఎవరో ఒకరు వెళ్లి ఆ శీర్షికని "మిరప: ఆకు అంచులు పైకి ముడుచుకుంటున్నాయి, తామర పురుగు" అని మారిస్తే ఆ పేజీ ఆ రోజు నుంచి పనికొస్తుంది. ఈ పని అడ్మిన్లే చేయక్కర్లేదు. ఇందులో నమ్మకపు స్థాయిలు అని సున్నా నుంచి నాలుగు దాకా ఉంటాయి. ఊరికే వచ్చి చదువుతూ ఉంటే ఒకటి దానంతట అదే వస్తుంది. మూడో స్థాయి రావాలంటే గత వంద రోజుల్లో సగం రోజులైనా వచ్చి ఉండాలి, ఇంకొన్ని షరతులు కూడా ఉన్నాయి. ఆ స్థాయికి వచ్చినవాళ్లు ఎవరి శీర్షికనైనా మార్చొచ్చు, పోస్టుని సరైన విభాగంలోకి జరపొచ్చు. మా దగ్గర ఈ పని ఎక్కువగా చేసేది ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారు. ఆవిడకి ఎవరూ ఈ బాధ్యత అప్పగించలేదు, ఒకరోజు శీర్షిక పక్కన పెన్సిల్ గుర్తు కనిపించిందట, నొక్కారట, ఇక ఆగలేదు.

మిరప పేజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డిస్కోర్స్‌లో వికీ పోస్టు అనేది ఎందుకు పనికొస్తుందో నాకు అర్థమైంది దాని దగ్గరే. మామూలు పోస్టుని వికీగా మారిస్తే ఒకటో స్థాయికి వచ్చిన ఎవరైనా దాన్ని దిద్దొచ్చు, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో కూడా కనిపిస్తుంది. మా దగ్గర ఆకుముడత మీద విడివిడిగా బోలెడు చర్చలు పేరుకున్నాయి. అన్నీ కలిపి చదివితే తేలిందేమిటంటే సగం గొడవ జవాబుల్లో లేదు, ప్రశ్నలోనే ఉంది. ఆకు అంచులు పైకి ముడుచుకుని దొన్నెలా అయితే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగినట్టు పొడవైతే అది కింది ముడత, తెల్లనల్లి. ఆకులు చిన్నవైపోయి, ఈనెలు పసుపు రంగుకి తిరిగి, మొక్క మొత్తం గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి మందు లేదు, మొక్క పీకేయాల్సిందే. మూడిటికీ జనం అడిగే ప్రశ్న ఒకటే, "ఆకుముడత". పుల్లమజ్జిగ కొట్టి తగ్గిందన్నవాళ్లకి ఏది వచ్చిందో ఎవరూ రాయలేదు, తగ్గలేదన్నవాళ్లూ రాయలేదు.

మందు మోతాదుల దగ్గర ఇంకా విడ్డూరం. "వేపనూనె లీటరుకి 5 మి.లీ." అని ఒకరు, "అంత వేస్తే ఆకులు మాడతాయి, 2 చాలు" అని ఇంకొకరు. ఈ విషయం మీద ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానుకునేదాకా వచ్చింది. తీరా చూస్తే ఒకరి సీసా మీద 1500 పీపీఎం అని, ఇంకొకరి సీసా మీద 10,000 పీపీఎం అని ఉంది. వేపమందుల్లో అజాడిరాక్టిన్ అనే సరుకు ఎంత ఉందో ఆ అంకె చెప్తుంది, అది మారితే మోతాదు మారుతుంది, ఇద్దరూ కరెక్టే. ఇప్పుడు ఆ వికీ పోస్టులో మొదటి వాక్యమే "ముందు సీసా మీద పీపీఎం చూడండి" అని ఉంటుంది. తెల్లనల్లికి లీటరుకి 3 గ్రాముల నీళ్లలో కరిగే గంధకం అన్న దగ్గర ఎవరో ఒక వాక్యం చేర్చారు: మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టొద్దు, వేపనూనె కొట్టిన వెంటనే దీన్ని కొట్టొద్దు, ఆకులు మాడతాయి. ఇలాంటివి వాట్సాప్‌లో ఎవరో ఒకసారి చెప్పే ఉంటారు. కానీ ఆ మాట ఒక చోట, మోతాదు ఇంకో చోట. రెండూ ఒకే తెర మీద పక్కపక్కన ఉంటేనే కొట్టేవాడికి ఉపయోగం.

పాతబడిపోయిన జవాబుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప రైతుల్ని నిలువునా ముంచిన నల్ల తామర పురుగు గుర్తుందిగా? అది పాత తామర పురుగులా లేత ఆకులకి పరిమితం కాదు, పూలలో చేరి పూతనే రాల్చేస్తుంది. దానికి ముందు రాసిన జవాబులన్నీ పాత పురుగుని మనసులో పెట్టుకుని రాసినవి. అవి తప్పు కాదు, కానీ ఇప్పుడు చదివేవాడికి అది తెలియాలి. డిస్కోర్స్ ప్రతి పోస్టు పక్కనా ఎంత కాలమైందో చూపిస్తుంది, పాత చర్చకి జవాబు ఇవ్వబోతే చివరి మాట ఎప్పటిదో గుర్తు చేస్తుంది. అంతవరకే. "ఇది పాతబడింది" అని తనంతట తాను చెప్పదు, చెప్పలేదు. మేం దానికోసం వికీ పోస్టుల పైన "చివరిసారి సరిచూసింది" అని నెల, సంవత్సరం రాస్తున్నాం. సీజన్ మొదట్లో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా ఈ చాకిరీ తప్పలేదు.

మనుషుల దగ్గర కొంచెం తలనొప్పి వచ్చింది. ఒక చర్చలో దారి తప్పిన మాటల్ని కోసి కొత్త పేజీగా పెట్టొచ్చు, రెండు చర్చల్ని కలిపేయొచ్చు, మోడరేటర్లకి ఇది రెండు నొక్కుల పని. కానీ ఎవరి మాటల్ని జరిపారో వాళ్లకి మండుతుంది. టమాటా అడుగు నల్లబడటం గురించిన పేజీలో ఒక పెద్దాయన తన బీర పందిరి కథ పొడుగ్గా రాశారు. చాలా బాగా రాశారు కూడా. మా మోడరేటర్ కుర్రాడు దాన్ని పందిళ్ల విభాగంలోకి జరిపాడు. ఫోన్ వచ్చింది: "ఏం బాబూ, నా పోస్టు పీకేశారట?" "పీకలేదు మాస్టారూ, పందిరి వేసుకునేవాళ్లకి దొరికే చోట పెట్టాం, చూడండి, మీ పేరే ఉంది." "అక్కడ ఎవరు చూస్తారయ్యా?" రెండు నెలల తర్వాత ఆ పేజీలో పందిరి కర్రల గురించి అడిగేవాళ్ల వరస చూసి ఆయనే వచ్చి అందరికీ జవాబులు ఇస్తున్నారు. కానీ ఆ ఫోన్ మాట్లాడే ఓపిక మీలో ఎవరికో ఒకరికి లేకపోతే ఫోరమ్ పెట్టకండి, గ్రూపు చీలిపోతుంది.

ఇక తెలుగులో వెతకడం. ఇక్కడ మార్కులు తగ్గించక తప్పదు. ఇంటర్‌ఫేస్ తెలుగులో ఉంది, బటన్ల పేర్లు అక్కడక్కడా వింతగా ఉన్నా పని జరుగుతుంది. వెతుకులాట సంగతి వేరు. డిస్కోర్స్ వెనక ఉండేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. ఇంగ్లీషు పదాల చివర్లు కత్తిరించి మూలపదాన్ని పట్టుకునే ఏర్పాటు అందులో ఉంది, తమిళానికి ఉంది, హిందీకి ఉంది, తెలుగుకి లేదు. మన భాషలో పదం చివర ఏదో ఒకటి తగలకుండా వాక్యమే పూర్తవదు: పిండినల్లి, పిండినల్లికి, పిండినల్లులు, పిండినల్లులతో. అన్నీ ఒకే పురుగు అని దానికి తెలీదు. కాబట్టి మా ఫోరమ్ మొదటి పేజీలోనే రాసి పెట్టాం, పదాన్ని వీలైనంత చిన్నగా కొట్టండి, చివర్లు వదిలేయండి అని. చదివినవాళ్లకి పనికొస్తోంది. చదవనివాళ్లు "ఏమీ దొరకలేదు" చూసి మళ్లీ కొత్త ప్రశ్న పెడుతున్నారు.

కొత్త ప్రశ్న పెట్టేటప్పుడు శీర్షిక టైపు చేస్తుండగానే పక్కన "ఇలాంటివి ఇప్పటికే ఉన్నాయి" అని పాత పేజీలు చూపించే సదుపాయం దీనికి మంచి పేరు తెచ్చింది. ఇంగ్లీషులో నడిచే ఫోరమ్‌లలో అది నిజంగా అద్భుతం, అడగబోయినవాడు అడగకుండానే జవాబు చదువుకుని వెళ్లిపోతాడు. తెలుగులో పైన చెప్పిన కారణం వల్లే దాని పదును సగం. అందుకే ట్యాగుల మీద, అంటే పోస్టుకి తగిలించే చిన్న గుర్తుపేర్ల మీద పడ్డాం, అక్కడ మాత్రం డిస్కోర్స్‌ని మెచ్చుకోవాలి. ఒక ట్యాగుకి ఎన్ని మారుపేర్లైనా కట్టొచ్చు, ఎవరు ఏ పేరు కొట్టినా అసలు ట్యాగుకే పోతుంది. సొరకాయ అన్నా ఆనపకాయ అన్నా ఒకటే బుట్టలో పడతాయి, గోంగూరా పుంటికూరా, గోరుచిక్కుడూ గోకరకాయా కూడా అంతే. కరీంనగర్ నుంచి ఒకరు, భీమవరం నుంచి ఒకరు, డల్లాస్ నుంచి ఇంకొకరు చేరిన గ్రూపులో ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ల కోసం కూడా అలాగే కట్టాం, వాళ్లు రాసే స్పెల్లింగులు చూస్తే ఒక్కో కూరగాయకి ఒక్కో చాంతాడు అవుతోంది. లైబ్రేరియన్ గారికి మాత్రం ఇది పండగ.

వాయిస్ మెసేజులకి దారి లేదు. గ్రూపులో బాగా తెలిసిన పెద్దవాళ్లు చాలామంది టైప్ చేయరు, మాట్లాడతారు. ఆడియో ఫైలు ఎక్కించొచ్చు, కానీ అందులో ఏముందో వెతుకులాటకి తెలీదు. ఇప్పుడు ఫోన్‌లోనే తెలుగు డిక్టేషన్ బాగానే పనిచేస్తోంది కాబట్టి కొంతమందికి అది నేర్పాం. మిగతావాళ్లవి విని ఎవరో ఒకరు నాలుగు వాక్యాల్లో రాసి పెడుతున్నారు.

ఫోటోల విషయంలో డిస్కోర్స్ చేసే ఒక మంచి పని బయటికి కనపడదు. ఎక్కడో బయట ఉన్న ఫోటోని పోస్టులో పెడితే దాని నకలు మన సర్వర్ మీదికి దింపుకుంటుంది. ఇదెందుకంటే, 2017లో ఫోటోబకెట్ అనే సైటు, అప్పటిదాకా ఉచితంగా ఫోటోలు నిలవ ఉంచి వేరే సైట్లలో చూపించుకోనిచ్చింది కాస్తా, ఇకపై అలా చూపించాలంటే సంవత్సరానికి 400 డాలర్లు కట్టమంది. కార్ల రిపేర్లు, చెక్కపని, మోడల్ రైళ్లు, అన్ని హాబీ ఫోరమ్‌లలోనూ ఏళ్ల తరబడి జనం ఓపిగ్గా పెట్టిన ఫోటోల స్థానంలో డబ్బు కట్టమనే బొమ్మ వచ్చి కూర్చుంది. "మూడో ఫోటోలో చూపించిన స్క్రూ విప్పండి" అని రాసి ఉంటుంది, ఆ ఫోటో ఉండదు. తర్వాత 2019 చివర్లో యాహూ గ్రూప్స్ పాత సందేశాల్ని తీసేస్తామని చెప్పింది, 2020 డిసెంబరుకి మొత్తం మూతపడింది. నెట్‌లో తెలుగువాళ్ల తొలి కబుర్లు చాలావరకు అలాంటి గ్రూపుల్లోనే నడిచాయి, అంతకుముందు యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చావేదికలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపు ఉండేది. తరచూ అడిగే ప్రశ్నలకి జవాబులు ఒక చోట పెట్టి నెలకోసారి గ్రూపులో వేయడం అనే అలవాటు యూజ్‌నెట్ రోజుల్లోనే గట్టిపడింది. ఆ రోజుల్లో ఆ పనికి ఏ ప్లగిన్నూ లేదు, ఒక మనిషి, ఒక టెక్స్ట్ ఫైలు. మేం వికీ పోస్టుతో చేస్తున్నదీ అదే.

ఒక్క సదుపాయం మాత్రం మేం ఆపేశాం: "పరిష్కారం దొరికింది" అనే పచ్చ టిక్కు. అడిగినవాళ్లు ఒక జవాబుని ఎంచుకుంటే అది మొదటి పోస్టు కిందే కనిపిస్తుంది. కంప్యూటర్ సమస్యలకి ఇది బ్రహ్మాండం, కోడ్ నడిచిందా లేదా అక్కడికక్కడే తెలిసిపోతుంది. మొక్కకి అలా కాదు. మా దగ్గర జనం మర్యాద కొద్దీ మొదట జవాబిచ్చినవాళ్లకే టిక్కు పెట్టేవాళ్లు, మందు ఇంకా కొట్టనే లేదు! మూడు వారాల తర్వాత మొక్క చచ్చిపోతే వచ్చి చెప్పేవాళ్లు ఎవరూ లేరు, ఆ టిక్కు మాత్రం అలాగే పచ్చగా మెరుస్తూ తర్వాత వచ్చేవాళ్లని మోసం చేస్తుంది. దాని బదులు, ఎవరైనా మందు వాడి చూస్తానంటే మూడు వారాలకి రిమైండర్ పెట్టి బుక్‌మార్క్ చేసుకోమంటున్నాం (ఇది డిస్కోర్స్‌లో ఉన్న సదుపాయమే). గుర్తొచ్చినప్పుడు వచ్చి "తగ్గింది", "తగ్గలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. అందరూ రాయరు. రాసినవాళ్ల మాటలే ఇప్పుడు ఆ ఫోరమ్‌లో నాకు అన్నిటికంటే విలువైన సరుకు.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. సాఫ్ట్‌వేర్ ఉచితం. వాళ్లే నడిపి పెట్టే సర్వీసు కూడా ఉంది, దానికి నెలనెలా డాలర్లలో కట్టాలి, చందాలతో నడిచే గ్రూపుకి అది భారమే. మేం చిన్న సర్వర్ అద్దెకి తీసుకున్నాం. కనీసం 1 జీబీ ర్యామ్ అంటారు, 2 జీబీ తీసుకోండి, లేకపోతే అప్‌డేట్ చేసేటప్పుడు టెన్షన్. డాకర్, లినక్స్ కమాండ్లు అంటే భయం లేని మనిషి ఒకరు కావాలి, మన గ్రూపుల్లో అలాంటి కుర్రాళ్లకి కొదవలేదు కదా. అసలు చిక్కు ఈమెయిల్ దగ్గర. సభ్యత్వం, పాస్‌వర్డ్, నోటిఫికేషన్లు, అన్నీ ఈమెయిల్ మీదే నడుస్తాయి, సర్వర్ నుంచి మెయిల్ సరిగ్గా వెళ్లకపోతే ఫోరమ్ చచ్చినట్టే. మా మొదటి మెయిల్ సర్వీసు పంపినవన్నీ స్పామ్‌లో పడ్డాయి, దాని పేరు ఇక్కడ అనవసరం, వేరేది పెట్టుకున్నాం. గూగుల్ లాగిన్ కూడా కలిపేశాక పెద్దవాళ్లకి పాస్‌వర్డ్ బెడద పోయింది.

గూగుల్ అంటే గుర్తొచ్చింది. ఫోరమ్‌ని అందరికీ తెరిచి పెట్టడం వల్ల, మా గ్రూపు పేరు కూడా వినని మనుషులు వెతుకుతూ నేరుగా ఆ మిరప పేజీకి వస్తున్నారు. దీనికి మా వాళ్లలో కొందరు ఒప్పుకోలేదు, మన కష్టం ఊరందరికీ ఎందుకు అని. వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే ఇంటి మేడ ఫోటోలు, ఏ కాలనీయో అన్నీ ఉంటాయి. కాబట్టి కబుర్ల విభాగాన్ని సభ్యులకే పరిమితం చేశాం, తెగుళ్లు, విత్తనాలు, మట్టి మిశ్రమాలు, ఎరువులు, పందిళ్లు బయటికి తెరిచాం. విభాగాల వారీగా ఇలా తాళం వేసుకోవచ్చు, ఇందులో అది తేలిక.

వాట్సాప్ గ్రూపుని మూసేయలేదు, మూసేయమని సలహా కూడా ఇవ్వను. జనం అక్కడే ఉంటారు, ఉదయం కాఫీ తాగుతూ అక్కడే అడుగుతారు. మారింది ఏమిటంటే, ఇప్పుడు తెలిసినవాళ్లు మళ్లీ మొదటినుంచి టైప్ చేయరు, లింకు పడేస్తారు. లింకు ఒక్కటే పడేస్తే మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, "అక్కా, మీ ఫోటోలో అంచులు పైకి ఉన్నాయి, ఇందులో మొదటి భాగం చూడండి" అని ఒక వాక్యం కలపాలి. కొత్త సంగతి ఏదైనా వాట్సాప్‌లో బయటపడితే దాన్ని ఎవరో ఒకరు మోసుకెళ్లి ఫోరమ్‌లో అతికించాలి. ఇది కూడా రోజూ చేయాల్సిన పనే. ఇద్దరు ముగ్గురు చేసేవాళ్లు లేని గ్రూపులో డిస్కోర్స్ పెడితే ఖాళీ ఫోరమ్ మిగులుతుంది, అలాంటివి నెట్‌లో చాలా చూశాను.

ఎవరికి పెట్టుకోమంటాను? వందల్లో సభ్యులుండి, అదే ప్రశ్న మళ్లీమళ్లీ వస్తూ, సర్దడం సరదాగా ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్న గ్రూపుకి నిస్సందేహంగా. నా లెక్కలో ఐదుకి నాలుగు, పోయిన ఒకటీ తెలుగు వెతుకులాటకి. పాతికమంది ఉన్న గ్రూపు అయితే వద్దు. ఒక గూగుల్ డాక్ తెరవండి, ఇప్పటిదాకా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు పది రాయండి, ఒక్కోదాని కింద బాగా తెలిసినవాళ్ల చేత జవాబు రాయించండి, ఆ లింకుని గ్రూపు వివరాల్లో పెట్టండి. ఆ డాక్ చదవలేనంత పొడుగైన రోజు డిస్కోర్స్ గురించి ఆలోచించొచ్చు.